మూతపడే జన్యువులే టీ కణాన్ని తీర్చిదిద్దుతాయి

సీడీ4 అన్న మాట ప్రయోగశాలలు దాటి చాలా కాలమైంది. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా హెచ్ఐవీకి మందులు తీసుకునేవారికి, ఏఆర్‌టీ కేంద్రం మెట్లెక్కిన ప్రతివారికీ అది తెలిసిన మాటే. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సహాయక టీ కణాలు, అంటే రోగనిరోధక శక్తిని నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాలు, ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క అది. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 500కు పైనే ఉంటుంది. 200 కంటే తగ్గితే మామూలు సూక్ష్మజీవులు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. సీడీ4 అంటే ఆ కణాల పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్. హెచ్ఐవీ కణంలోకి చొరబడేందుకు ముందుగా పట్టుకునేది దాన్నే.

ఈ లెక్క వెనక ఒక ప్రశ్న ఉంది. సీడీ4ను తయారుచేసే జన్యువు కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ ఉంటుంది. చర్మ కణంలో ఉంది, కాలేయ కణంలో ఉంది. టీ కణాల్లోనే రెండో తెగ అయిన సంహారక కణాల్లోనూ ఉంది. వైరస్ సోకిన కణాలను వెతికి చంపే ఈ సంహారక కణాలు, సహాయక కణాలు ఒకే రకం తల్లికణం నుంచి, ఒకే అవయవంలో పుడతాయి. అయినా సంహారక కణం మీద సీడీ4 కనిపించదు, దాని బదులు సీడీ8 అనే మరో ప్రొటీన్ ఉంటుంది. సీడీ4 జన్యువు అక్కడ ఎందుకు మౌనంగా ఉంది?

తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా నాకు వచ్చే జవాబు ఒకటే: "ఆ కణానికి అది అక్కర్లేదు కదా మేడం." ఒకసారి దేవరకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని అక్కడితో ఆగలేదు. "అక్కర్లేనిదాన్ని వాడకుండా వదిలేస్తే చాలదా మేడం, పనిగట్టుకుని మూయాలా?" అని అడిగింది. జన్యుశాస్త్రంలో అంతకంటే మంచి ప్రశ్న అడగడం కష్టం. మన పాఠ్యపుస్తకాలు జన్యువు ఎలా పనిచేస్తుందో పేజీల కొద్దీ చెబుతాయి. అది ఎలా ఆగుతుందో రెండు మాటల్లో దాటేస్తాయి. టీ కణం పుట్టుకలో మాత్రం ఆ ఆగడమే సగానికి పైగా కథ.

ముందు ఆ కథ నడిచే చోటు చూద్దాం. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన రెండు తమ్మెలుగా ఉండే మెత్తని అవయవం థైమస్. పసిపిల్లల ఛాతీ ఎక్స్-రేలో గుండె నీడ పక్కన తెరచాప ఆకారంలో మరో నీడ కనిపించి తల్లిదండ్రులను కంగారు పెడుతుంది. చాలాసార్లు అది జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్న థైమసే. శరీరం బరువుతో పోలిస్తే పుట్టినప్పుడే అది అతి పెద్దది. యౌవనం వచ్చాక క్రమంగా కుంచించుకుపోతుంది, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఈ మామూలు పరిమాణాన్నే వాపు అనుకుని ఎందరో పసిపిల్లలకు రేడియేషన్ ఇచ్చారు. పెద్దయ్యాక వారిలో థైరాయిడ్ క్యాన్సర్లు తేలాయి. ఒక అవయవం చేసే పని తెలియకపోతే జరిగే నష్టానికి అంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

థైమస్ పని బయటపడింది 1961లో. లండన్‌లో పనిచేస్తున్న జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి థైమస్‌ను తొలగించి చూశాడు. వాటిలో లింఫోసైట్లు (టీ కణాల వంటి తెల్ల రక్తకణాలు) బాగా తగ్గిపోయాయి, అవి ఇన్‌ఫెక్షన్లకు తట్టుకోలేకపోయాయి, వేరే ఎలుక చర్మాన్ని అతికించినా తిరస్కరించలేదు. అదే 1961లో, పారిస్‌లో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మోనో బ్యాక్టీరియా మీద చేసిన పనిని ప్రచురించారు. లాక్టోజ్ చక్కెర అందుబాటులో లేనప్పుడు దాన్ని జీర్ణం చేసే జన్యువులను బ్యాక్టీరియా ఊరికే వదిలేయదనీ, ఒక నిరోధకం వాటిని పట్టి ఆపుతుందనీ వారు చూపారు. ఆ ఇద్దరికీ ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి 1965లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే ఏడాది వెలువడిన ఈ రెండు ఆవిష్కరణలకు అప్పట్లో ఒకదానితో ఒకటి సంబంధం కనిపించలేదు. అవి సీడీ4 జన్యువు దగ్గర కలుసుకోవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక మూసే పని ఎలా జరుగుతుందంటే, దానికి అంచెలున్నాయి. మనిషి కణంలో సుమారు రెండు మీటర్ల పొడవైన డీఎన్ఏ మిల్లీమీటరులో నూరోవంతు కూడా లేని కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. ప్రతి 147 అక్షర జతల మేర అది హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ చుట్టుకుని ఉంటుంది. జన్యువును ఆపే మొదటి మార్గం, దాని దగ్గరున్న ఒక నియంత్రణ భాగం మీద నిరోధక ప్రొటీన్ వచ్చి కూర్చోవడం. అలాంటి భాగాన్ని సైలెన్సర్ అంటారు. ఆ ప్రొటీన్ లేచిపోతే జన్యువు మళ్లీ పనిలోకి వస్తుంది. రెండో అంచెలో పాలీకూంబ్ అనే ప్రొటీన్ల బృందం హిస్టోన్ల మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పెడుతుంది. ఆ బృందంలో గుర్తు పెట్టే ఎంజైముల పేర్లు ఈజెడ్‌హెచ్1, ఈజెడ్‌హెచ్2. గుర్తులు పడ్డ చోట డీఎన్ఏ దగ్గరగా ముడుచుకుని, చదివే యంత్రాంగానికి అందదు. మూడో అంచెలో మిథైల్ గుర్తు నేరుగా డీఎన్ఏ మీదే పడుతుంది. కణం విభజన చెందినప్పుడు ఆ గుర్తును పిల్లకణాల డీఎన్ఏలోకి కూడా ఎక్కించే ఎంజైము ఉంది. తల్లి మూసిన జన్యువు పిల్లల్లోనూ మూసే ఉంటుంది.

విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు పోచంపల్లిలో కళ్లారా చూడొచ్చు. 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఊరు అది. పుట్టపాకలోనూ ఇదే పని. ఆసు పోసిన నూలును చట్రానికి బిగించి, దాని మీద డిజైన్ గీతలు గుర్తు పెట్టుకుంటారు. రంగు పడకూడని ప్రతిచోటా సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీని చుట్టి, లాగి, బిగిస్తారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఆ తర్వాత నూలు మొత్తాన్ని రంగులో ముంచుతారు. తొట్టిలో రంగు అన్నివైపులా ఉంటుంది, పువ్వు ఎక్కడ రావాలో దానికి తెలియదు. కట్టకుండా వదిలేసిన ప్రతి అంగుళాన్నీ అది పట్టుకుంటుంది. డిజైన్‌ను నిర్ణయించేది కట్టు. పైగా ఒక రంగు అయ్యాక కొన్ని కట్లు విప్పి, మరికొన్ని చోట్ల కొత్తగా కట్టి, మళ్లీ ముంచుతారు. వరుస తప్పితే నూలు పాడవుతుంది.

థైమస్‌లోని కణం పరిస్థితి అచ్చంగా ఇదే. సీడీ4 జన్యువును పనిచేయించే ప్రొటీన్లు సహాయక కణంలోనూ ఉన్నాయి, సంహారక కణంలోనూ ఉన్నాయి. వదిలేస్తే రెండింటిలోనూ సీడీ4 తయారవుతుంది. కాబట్టే కట్టు అవసరం.

ఆ కట్టు దాకా రావడానికి ముందు కణం చాలా వదులుకోవాలి. ఎముక మజ్జలో పుట్టి రక్తం ద్వారా థైమస్‌కు చేరే తొలి కణం ఇంకా టీ కణం కాదు. దాని ముందు చాలా దారులున్నాయి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణం కాగలదు, సూక్ష్మజీవులను మింగే భక్షక కణం కాగలదు, సహజ సంహారక కణం కూడా కాగలదు (ఇది పైన చెప్పిన సంహారక టీ కణం కాదు, వేరే తెగ). థైమస్ లోపలి పొర కణాల మీద డెల్టా రకం ప్రొటీన్ ఉంటుంది. అది కొత్తగా వచ్చిన కణం మీది నాచ్1 అనే గ్రాహకాన్ని, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను తాకుతుంది. ఈ స్పర్శ లేకపోతే ఏమవుతుందో 1999లో తేలింది. నాచ్1ను తొలగించిన ఎలుకల్లో టీ కణాలు ఏర్పడలేదు, థైమస్‌లో బీ కణాలు పెరిగాయి. అంటే బీ కణం దారి సహజంగానే తెరిచి ఉందన్నమాట. దాన్ని మూయించేది నాచ్ సంకేతం.

భక్షక కణాల దారి మూతపడటం ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. ఆ దారికి కీలకమైన ప్రొటీన్ పీయూ.1. విచిత్రం ఏమిటంటే తొలి దశల్లో ఈ కణాలకు అది కావాలి కూడా, అవి సంఖ్యలో పెరగడానికి సాయపడుతుంది. తర్వాత రన్‌ఎక్స్1 వంటి ప్రొటీన్లు పీయూ.1 జన్యువును అణచివేస్తాయి. ఆ అణచివేత జరగకుండా ప్రయోగశాలలో పీయూ.1ను బలవంతంగా కొనసాగిస్తే, సగం దారి వచ్చిన టీ కణం వెనక్కి మళ్లి భక్షక కణాల తీరుకు పోతుంది.

ఆఖరి మలుపు పేరు బీసీఎల్11బీ. 2010లో మూడు వేర్వేరు బృందాలు సైన్స్ పత్రిక ఒకే సంచికలో దీని గురించి రాశాయి. ఈ ఒక్క జన్యువు పనిచేయకపోతే కణాలు టీ కణాలుగా స్థిరపడవు. ఇంకా ఏ దారీ పట్టని మూల కణాల్లో పనిచేసే పాత జన్యువులు మూతపడకుండా మిగిలిపోతాయి, కణాలు సహజ సంహారక కణాల వైపు జారుకుంటాయి. అంతకంటే ఆశ్చర్యం మరొకటి ఉంది. పూర్తిగా ఎదిగిన టీ కణం నుంచి బీసీఎల్11బీని తీసేసినా అది సహజ సంహారక కణంలా మారడం మొదలుపెడుతుంది. టీ కణం అనే గుర్తింపు ఒకసారి సంపాదిస్తే శాశ్వతంగా ఉండిపోయేది కాదని దీంతో తెలిసింది. ఇతర దారులను అది జీవితాంతం మూసి పట్టుకునే ఉండాలి.

మరి బీసీఎల్11బీ ఎప్పుడు మొదలవుతుంది? ఈ చిన్న ప్రశ్న చుట్టూ జరిగిన ప్రయోగం నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైనది. కణంలో దాదాపు ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాలిఫోర్నియాలో ఎలెన్ రోథెన్‌బర్గ్, మైకేల్ ఎలోవిట్జ్ బృందాలు ఎలుకలో బీసీఎల్11బీ ఒక ప్రతికి పసుపు కాంతి, రెండో ప్రతికి ఎరుపు కాంతి వచ్చేలా గుర్తులు తగిలించాయి. ఫలితాలు 2018లో వచ్చాయి. ఒకే కణంలో, ఒకే కేంద్రకంలో, ఒకే రకం ప్రొటీన్ల మధ్య ఉన్న ఈ రెండు ప్రతులూ ఒకేసారి మేల్కొనలేదు. ఒకటి పనిచేస్తుండగా రెండోది రోజుల తరబడి మౌనంగా ఉన్న కణాలు కనిపించాయి. చుట్టూ ఉన్న ప్రొటీన్లే కారణమైతే రెండూ కలిసే మేలుకోవాలి. తేడా ఆ ప్రతి డీఎన్ఏ మీదే ఉంది. పాలీకూంబ్ పెట్టిన గుర్తులు ఒక్కో ప్రతి మీద ఒక్కో సమయంలో సడలుతున్నాయి. ఈ ఆలస్యం లోపం కాదు. ఆ రోజుల్లో కణం పలుమార్లు విభజన చెంది సంఖ్యలో పెరుగుతుంది. త్వరపడి స్థిరపడితే టీ కణాలు తక్కువగా పుడతాయి. అణచివేత ఇక్కడ దారి మూసేది మాత్రమే కాదు, సమయాన్ని కొలిచేది కూడా.

స్థిరపడ్డ కణం శత్రువును గుర్తుపట్టే తన టీ గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. రాగ్1, రాగ్2 అనే ఎంజైములు డీఎన్ఏ ముక్కలను కోసి కొత్త వరుసలో అతికిస్తాయి. గ్రాహకంలో ఒక గొలుసు సరిగా కుదరగానే ఈ రెండు జన్యువులు కొంతకాలం అణగిపోతాయి. లేకుంటే కోత ఆగకుండా సాగుతుంది. తర్వాత కణం సీడీ4, సీడీ8 రెండింటినీ ఒకేసారి ధరిస్తుంది. ఈ దశలో ఉన్నవాటిలో నూటికి 95కు పైగా అక్కడే చనిపోతాయి, ఎందుకంటే వాటి గ్రాహకం పనికిరానిదో, మన సొంత శరీరాన్నే శత్రువుగా చూసేదో అవుతుంది. మిగిలినవి సీడీ4, సీడీ8లలో ఒకటి వదులుకోవాలి.

సీడీ4 సైలెన్సర్ ఎక్కడుందో 1994లో తెలిసింది. ఆ జన్యువు మొదటి ఇంట్రాన్‌లోనే, అంటే ప్రొటీన్ సమాచారం లేని మధ్య భాగంలో ఉంది. ఆ చిన్న ముక్కను తీసేస్తే సంహారక కణాల మీద కూడా సీడీ4 వచ్చేస్తుంది. అక్కడ కూర్చునే నిరోధకాలు రన్‌ఎక్స్ కుటుంబానివని 2002లో తేలింది. తొలి దశలో రన్‌ఎక్స్1, సంహారక కణాల్లో రన్‌ఎక్స్3. ఇద్దరూ కూర్చునేది ఒకే చోట అయినా పని తీరు వేరు. రన్‌ఎక్స్1 వేసిన కట్టు తాత్కాలికం, తర్వాతి దశలో విప్పేయవచ్చు. రన్‌ఎక్స్3 దగ్గర మాత్రం పోచంపల్లి పోలిక చెల్లదు. నూలుకు కట్టిన పట్టీ విప్పితే ఆ చోటు మళ్లీ రంగు పట్టుకుంటుంది. సంహారక కణం ఏర్పడిపోయాక సైలెన్సర్‌నే డీఎన్ఏ నుంచి కత్తిరించి పారేసినా, సీడీ4 తిరిగి రాలేదు. కణం విభజన చెందుతూ పోయినా రాలేదు. 2001లో ప్రచురించిన ఈ ప్రయోగం చెప్పేది స్పష్టం. మూసిన చెయ్యి వెళ్లిపోయినా మూత నిలిచే ఉంటుంది, దాన్ని నిలబెట్టే పనిని క్రోమాటిన్ (హిస్టోన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్ఏ), డీఎన్ఏ గుర్తులు అందుకుంటాయి.

ఇటువైపు సహాయక కణంలో జరిగేది దీనికి అద్దంలో ప్రతిబింబం. 1998లో ఒక ప్రయోగశాల ఎలుకల్లో అనుకోకుండా ఒక వింత కనిపించింది. వాటిలో సహాయక టీ కణాలు దాదాపు లేవు. అలాగని అవి చనిపోలేదు. సహాయక కణాలు కావలసినవన్నీ దారి మార్చి సీడీ8 కణాలుగా తయారయ్యాయి. కారణమేమిటో 2005లో దొరికింది. థ్-పాక్ అనే ప్రొటీన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోయింది. థ్-పాక్ కూడా నిరోధకమే. సహాయక కణంలో అది రన్‌ఎక్స్3ను అణచి ఉంచుతుంది. సంహారక కణంలో రన్‌ఎక్స్3 వెళ్లి థ్-పాక్ జన్యువు పక్కనున్న సైలెన్సర్ మీద కూర్చుని దాన్ని అణచివేస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందు నిలదొక్కుకుంటే రెండోవారికి తావుండదు. గ్రాహకానికి అందిన సంకేతం బలంగా, ఎక్కువసేపు సాగితే థ్-పాక్ నెగ్గుతుంది, మధ్యలో తెగిపోతే రన్‌ఎక్స్3 నెగ్గుతుంది. ఏఆర్‌టీ కేంద్రంలో లెక్కించే ప్రతి సీడీ4 కణం వెనకా ఇలా ఒక పోటీ ముగిసి ఉంటుంది.

థైమస్‌లో అంతా మూయడమే అనుకుంటే అది కూడా పొరపాటే. అక్కడి పొర కణాల్లో ఐర్ అనే ప్రొటీన్ ఇన్సులిన్ వంటి వేరే అవయవాల జన్యువులను తెరిపించి, సొంత శరీరపు నమూనాలను టీ కణాలకు చూపుతుంది. వాటి మీదికి దూకే కణాలు అక్కడే తొలగిపోతాయి. తప్పించుకున్నవాటిని అదుపు చేసే నియంత్రక టీ కణాల మీద పరిశోధనకే 2025 వైద్య నోబెల్ బహుమతి దక్కింది. ఆ కణాలకు గుర్తింపునిచ్చే ఫాక్స్‌పీ3 మాత్రం మళ్లీ టీ కణాలను పెరగమనే ఐఎల్-2 వంటి జన్యువులను అణచే ప్రొటీనే.

మూతపడాల్సినది మూతపడకపోతే ఏమవుతుందో ఎలుకల్లో చూడటం ఒక ఎత్తు. పిల్లల్లో చూడాల్సి రావడం మరో ఎత్తు. పుట్టుకతోనే టీ కణాలు లేని ఒక తీవ్ర రోగనిరోధక లోపానికి పారిస్‌లోని నెకేర్ ఆసుపత్రిలో అలైన్ ఫిషర్, మరీనా కవజానా బృందం జన్యు చికిత్స చేసింది. సూక్ష్మజీవులు సోకకుండా వేరుగా ఉంచాల్సిన పిల్లలు ఇళ్లకు వెళ్లగలిగారు. 2000లో ఆ వార్త ప్రపంచమంతా పాకింది. తర్వాత కొన్నేళ్లకే వారిలో నలుగురికి, లండన్‌లో ఇదే తరహా చికిత్స పొందినవారిలో ఒకరికి టీ కణాల లుకేమియా వచ్చింది. పారిస్ పిల్లల్లో ఒకరు చనిపోయారు. మంచి జన్యువును మోసుకెళ్లిన వైరస్, లుకేమియా వచ్చిన ఈ పిల్లల్లో చాలామందిలో ఎల్ఎమ్ఓ2 అనే జన్యువు పక్కన వెళ్లి అతుక్కుంది. ఎల్ఎమ్ఓ2 మూల కణాల జన్యువు. టీ కణంగా స్థిరపడేటప్పుడు అది మూతపడాలి. వైరస్‌లోని ఉత్తేజక భాగం దాన్ని మూతపడనివ్వలేదు. చెడ్డ జన్యువు ఏదీ వారి శరీరంలోకి రాలేదు. ఉండాల్సిన జన్యువే, ఆగాల్సిన సమయంలో ఆగలేదు. ఆ తర్వాత ఇటువంటి వైరస్ వాహకాలను ఉత్తేజక భాగం తీసేసి మళ్లీ రూపొందించారు.

మామూలుగా వచ్చే టీ కణాల లుకేమియాలోనూ ఇదే ఆనవాలు. సగానికి పైగా రోగుల్లో నాచ్1 జన్యువు అతిగా పనిచేసేలా మారి ఉంటుందని 2004లో తెలిసింది. కొందరిలో పాలీకూంబ్ బృందంలోని ఈజెడ్‌హెచ్2 వంటి జన్యువులే దెబ్బతిన్నాయని 2012లో తేలింది. గుర్తులు పెట్టే ఎంజైమే లేకపోతే, నాచ్ తట్టి లేపే జన్యువులకు అడ్డు చెప్పేవారుండరు.

ఇదంతా ఇప్పుడు చికిత్సగా మారే దశలో ఉంది. రోగి టీ కణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తించే గ్రాహకాన్ని అమర్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సకు, మన దేశంలో ఐఐటీ బొంబాయి పరిశోధన నుంచి వచ్చిన దానికి 2023లో అనుమతి లభించింది. అయితే కీమోథెరపీతో నీరసించిన రోగి రక్తంలో తీయడానికి తగినన్ని కణాలు ఉండకపోవచ్చు. అందుకే మూల కణాల నుంచి ప్రయోగశాలలోనే టీ కణాలను పెంచే ప్రయత్నం సాగుతోంది. డెల్టా ప్రొటీన్‌తో నాచ్ సంకేతం ఇస్తే కణాలు టీ దారిలో పడతాయి, కానీ చాలావరకు సహజ సంహారక కణాల పోలికలతో సగంలోనే ఉండిపోతాయి. 2022లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడ ఒక కట్టును విప్పి చూశారు. మూల కణాల్లో లింఫోసైట్ జన్యువులను మూసి ఉంచే ఈజెడ్‌హెచ్1ను తొలి దశలోనే తగ్గించారు. అలా పెరిగిన కణాల్లో టీ గ్రాహకాల వైవిధ్యం పెరిగింది, వాటి తీరు రక్తంలోని పరిపక్వ టీ కణాలకు దగ్గరైంది. వాటికి కార్ గ్రాహకం అమర్చినప్పుడు ఎలుకల్లో పెంచిన మానవ కణితుల మీద అవి గట్టిగా పనిచేశాయి.